గోడవైపు కుర్చీ

"ఆ నియమం తీసేసేదాకా నేను ఈ ఆపిల్ పై ముక్క ముట్టను," అంది మార్సీ, తన ముందున్న తీపి పలహారాన్ని పక్కకు నెడుతూ.

"అయితే నీ ముక్క ఇటివ్వు," అంటూ ఫ్లోరెన్స్ ఆమె ప్లేటు మీదికి చెయ్యి చాచింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

మార్సీ నవ్వలేదు. ఆమెకిది ఆట కాదు.

బ్రిడ్జ్‌ఫోర్డ్ పారాలీగల్ సంఘానికి ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా కోర్టు ఎదుటి హోటల్ వెనక గదిలో ఈ పొడవాటి బల్ల. ఊళ్లో లాయర్ల దగ్గర దావా కాగితాలు తయారుచేసేవాళ్లు, సాక్షులను వెతికి పట్టుకునేవాళ్లు, వాయిదాలు గుర్తుచేసేవాళ్లు నెలకోసారి ఇక్కడ చేరతారు. కోర్టులో ఎదురెదురు పక్షాలవాళ్లు ఇక్కడ పక్కపక్కనే కూర్చుంటారు. కేసుల గురించి ఒక్క ముక్క మాట్లాడరు. తమ లాయర్లను మాత్రం నోరారా తిట్టుకుంటారు.

సంఘానికి ఉన్న నియమం ఒక్కటే. లాయరుకు ఈ బల్ల దగ్గర కుర్చీ లేదు. సభ్యురాలే లాయరైతే, తన కుర్చీని తానే గోడవైపు జరిపి, అందరికీ చెప్పి వెళ్లిపోవాలి. ఇంతవరకు ఇద్దరు అలా వెళ్లారు. ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూనే వెళ్లారు.

విడాకులయ్యాక, చంకలో బిడ్డతో ఈ ఊరొచ్చిన మార్సీని మొదట పలకరించింది ఈ బల్లే. ఇప్పుడామె తన లాయరు దగ్గరే చదువుకుంటోంది. ఈ రాష్ట్రంలో లా కాలేజీ గడప తొక్కక్కర్లేదు. లాయరు ఆఫీసులో నాలుగేళ్లు చదివి పరీక్ష గట్టెక్కితే చాలు. ఇంకో ఏడాదిలో మార్సీ లాయరు. అంటే ఇంకో ఏడాదిలో ఈ కుర్చీ ఉండదు.

తలుపు తెరుచుకుంది. సంఘం పెట్టిన ఒడీల్ గాన్యోన్ లోపలికి వచ్చింది. ఆమె ఆలస్యంగా రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"మాంట్‌పీలియర్ నుంచి దారంతా బురదేనర్రా," అంది.

మంచు కరిగి ఊరంతా చిత్తడిగా ఉన్న రోజులు. గుమ్మం దగ్గర అందరి రబ్బరు బూట్లూ కుప్పగా పడున్నాయి. ఒడీల్ మాత్రం నల్ల సూటు వేసుకుని, తళతళలాడే నల్ల చెప్పులతో వచ్చింది.

"ఎవరి చావుకెళ్లొచ్చావే?" అంది ఫ్లోరెన్స్.

"చావుకి కాదులే. రాష్ట్ర రాజధాని కదా, అక్కడ పని పడింది."

కాగితాలేవో దాఖలు చేసి ఉంటుందనుకున్నారు. ఆమె పనిచేసే ముసలి లాయరు విట్‌కాంబ్ వచ్చే నెలలో వృత్తి మానేస్తున్నాడు. పాపం, ఈ వయసులో ఈవిడకు ఎవరు పనిస్తారని అందరికీ లోలోపల జాలి.

"కూర్చోండి ఒడీల్ గారూ," అంది మార్సీ.

"నిలబడే ఉంటాలే పిల్లా. చదువెంతదాకా వచ్చింది?"

"ఆస్తి చట్టం."

"అబ్బో, కొరకరాని కొయ్య. తెల్లారగట్ల చదువు, బుర్రకెక్కుతుంది."

తనే చదివినట్టు చెబుతోంది, అనుకుంది మార్సీ. ఒళ్లు మండింది. వెంటనే లేచి తన మాట చెప్పేసింది. నియమం పాతబడిందని, తీసేద్దామని.

ఒడీల్ తన కుర్చీ వీపు మీద చేతులానించింది.

"ఈ నియమం ఎందుకొచ్చిందో చెబుతాను. ఓ చలికాలం, కోర్టు వరండాలో మా లాయర్ల కోసం వణుకుతూ నిలబడ్డ నలుగురం ఇక్కడికొచ్చి కాఫీ తాగాం. అదే మన సంఘం. మరుసటి నెల దేవుడిలాంటి లాయరొకాయన, మమ్మల్ని ప్రోత్సహిద్దామని మా మధ్య కూర్చున్నాడు. గంటసేపు మేం ఏం మాట్లాడామో తెలుసా? ఆపిల్ పై మీద చీజ్ ముక్క పెట్టాలా, వద్దా అని!"

అందరూ పకపకా నవ్వారు.

"మా నలుగురిలో మార్తా అని ఒకామె ఉండేది. తన లాయరు వేధిస్తున్నాడని ఆ రోజే మాకు చెప్పుకుందామని వచ్చిందట. ఆయన ముందు నోరు పెగల్లేదు. మర్నాడే ఊరొదిలి వెళ్లిపోయింది. వచ్చినాయన మంచివాడే. కానీ లాయరు."

నవ్వులు ఆగిపోయాయి.

"నేను ఆయన్లాంటిదాన్ని కాదు. మీలో దాన్నే," అంది మార్సీ.

"ఇవాళ మాలో దానివే. రేపు నీ దగ్గరా ఓ పిల్ల పనికి కుదురుతుంది. ఆ పిల్ల నిన్ను ఎక్కడ కూర్చుని తిట్టుకోవాలి?"

మార్సీకి కోపం ముంచుకొచ్చింది.

"అసలు సంగతి అది కాదు! ఇన్నేళ్లూ ఇంకొకరి సంతకం కోసం రాసి రాసి మీరు అక్కడే ఉండిపోయారు. మేం ఒక మెట్టెక్కితే ఓర్వలేకపోతున్నారు!"

"నోర్ముయ్యవే!" అంది ఫ్లోరెన్స్.

"అననీ," అంది ఒడీల్. "ఇక ఫోర్కులెత్తండి."

ఆ బల్ల దగ్గర ఓటంటే ఫోర్కు ఎత్తడమే. నియమం తీసేయాలని మార్సీతో కలిపి ముగ్గురు ఎత్తారు. ఉండాలని మిగతావాళ్లంతా ఎత్తారు. ఫ్లోరెన్స్ కూడా, మార్సీ వైపు చూడకుండా, ఎత్తింది. ఒడీల్ మాత్రం ఫోర్కు ముట్టలేదు. అధ్యక్షురాలు కదా, పెద్దరికం చూపిస్తోందనుకున్నారు.

మార్సీ తల వంచుకుంది. ఒక్క ఏడాది. ఇంకొక్క ఏడాదే.

ఒడీల్ ఆమె భుజం తట్టి వెనక్కి వెళ్లింది. అప్పటిదాకా తను కూర్చోకుండా వదిలేసిన కుర్చీని రెండు చేతులా పట్టుకుని, తానే గోడవైపు జరిపి, "పొద్దున మాంట్‌పీలియర్‌లో లాయరుగా ప్రమాణం చేశానర్రా," అంది.