షెడ్డులో సైరన్

ఏటికొప్పాక నుంచి నర్సీపట్నం వచ్చేసరికి చీకటి పడింది. వెనక సీట్లో నిద్రపోతున్న పాపను భర్త ఇంట్లోకి ఎత్తుకెళ్లాడని సత్యశ్రీ, ఆవిడే ఎత్తుకెళ్లిందని రవికాంత్ అనుకున్నారు. కారును షెడ్డులో పెట్టి తాళం వేసేశారు.

చారుకు పోపు వేస్తుండగా షెడ్డులో సైరన్ మోగింది. నిన్ననే కారుకు అలారం పెట్టించారు. సత్యశ్రీ తాళం తీసుకుని పరుగెత్తింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. మూసిన అద్దాల వెనక పాప చెమటతో తడిసి, ఊపిరాడక రొప్పుతోంది. తలుపు తీయగానే సైరన్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పాప సన్నగా ఏడ్చింది.

పాపకు నీళ్లు తాగించి ఒళ్లో పడుకోబెట్టుకున్నాక, అలారం బిగించిన మన్మథరావుకు ఫోన్ చేసింది.

"మీ సైరనే మా పాపను కాపాడిందండీ. మీకెన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే."



"సైరనేటమ్మా? నానింకా దాని వైరు కలపనేదు. శుక్రవారం మీరు నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టినాకే కలుపుతాను. నా సేతిలో ఏ బండికైనా అంతే."

స్పీకర్లో ఆ మాట విన్న రవికాంత్ టార్చితో వెళ్లి బానెట్ ఎత్తాడు. సైరన్ వైరు దేనికీ కలపకుండా, కొసకు టేపు చుట్టి ఉంది.

"పొద్దున్నే బేగొచ్చి సూస్తానమ్మా," అన్నాడు మన్మథరావు.

సత్యశ్రీ పాప తల నిమిరింది.

"వద్దండీ. శుక్రవారం కూడా కలపకండి. అలాగే ఉండనివ్వండి."