పేరు కోసం చూసిన బండ

రాళ్లు మాట్లాడడం మొదలై పదేళ్లయింది. దగ్గరికి వెళితే చాలు, పేరున్న ప్రతి బండా తన పేరూ, ఆ పేరు వెనుక కథా చెబుతుంది. ఈ పొద్దు గుంకేలోగా పేరు నమోదు కాని బండ మాత్రం ఇక అంకె చెప్పుకొని బతకాలి.

పేర్లు నమోదు చేసే వాసంతి, గొర్రెలకాపరి మల్కవ్వ వెంట గుట్టమీది చివరి బండ ఎక్కింది.

“దీని పేరేందవ్వా?”

“లేదు బిడ్డా. ఈడ ఏదన్న జరిగితేనే పేరు. ఊకె పెడితే గుట్ట ఒప్పుకోదు.”

“అయ్యో, రేపటినుంచి ఇది నాలుగువందల పదిహేడే!” అంటూ కంగారుగా అడుగేసిన వాసంతి, పాచిమీద జారి బురదలో చతికిలబడింది.

మల్కవ్వ పకపకా నవ్వింది. “రాసుకో! వాసంతి జారిన బండ!”

“ఆధారం చూపండి,” అంది వాసంతి చేతిలోని నమోదు యంత్రం.

“సిగ్గెందుకు బిడ్డా? ఎనక్కి తిరుగు!”