లంకెబిందెల మోరీ

"ఏం బిడ్డా, లోపట ఏమన్న పడ్డదా?"

రాంగోపాల్‌పేట్ గల్లీలో మ్యాన్‌హోల్ మూత జరుపుతున్న సత్యదేవ్ తలెత్తాడు. ఆటో పక్కన ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన.

"ఏం పడలేదండీ. కింద పాతకాలం రాతి కాలువ ఉంది. ఫొటోలు తీసుకుందామని సైనిక్‌పురి నుంచి వచ్చాను."

"మోరీకి ఫొటోలా! పెండ్లిళ్లు దొర్కుతలేవా నీకు?"

సత్యదేవ్‌కి ఒళ్లు మండింది. ఎన్నాళ్లో వెతికితే దొరికిన కాలువ అది. హెల్మెట్ పెట్టుకున్నాడు.

"నీ ఎంబడి ఎవరొచ్చిండ్రు?"

"ఎవరూ రాలేదు."

పెద్దాయన గబగబా ఆటోలోంచి లావుపాటి మోకు తీసుకొచ్చాడు.

"నడుముకు కట్టుకో."

"ఎందుకండీ?"

"లంకెబిందెలు దొర్కితే అటుకెళ్లి అటే పోతవు. మరి నా వాటా?"

ఇదెక్కడి గోలరా నాయనా! పీడ వదిలితే చాలని కట్టుకుని దిగాడు సత్యదేవ్.

కింద వరసగా రాతి కమానులు. అబ్బ, ఎంత బాగున్నాయో! కెమెరా కంటికి ఆనించాడు. సరిగ్గా అప్పుడే మోకు గుంజుకుంది. ఫొటో కాస్తా అలుక్కుపోయింది.

"దొర్కిందా?" పైనుంచి కేక.

"లేదు!"

మళ్లీ ఆనించాడు. మళ్లీ గుంజుడు.

ఈలోగా పెద్దాయన గల్లీ అంతా వినబడేలా అరవడం మొదలుపెట్టాడు.

"బంగారం! మోరీల బంగారం! మోకు వట్టినోళ్లకే వాటా!"

పైన చెప్పుల చప్పుళ్లు.

"జరుగు, నేను ముందొచ్చిన!"

"నా చెయ్యి తీసి నీది పెడ్తవేంది?"

సత్యదేవ్ తల పట్టుకున్నాడు.

అంతలో కాలువ లోపలి నుంచి హోరు వినిపించింది. ఎగువన కార్ఖానా ఏరియా వైపు వాన దంచికొట్టినట్టుంది, చూస్తుండగానే నీళ్లు నడుము దాటాయి. కాళ్లు తేలిపోయాయి. కెమెరా కొట్టుకుపోయింది. అరుద్దామని నోరు తెరిస్తే నోటినిండా నీళ్లే.

"గుంజుండ్రి! బిందెలు కొట్కపోతున్నయ్!"

గల్లీ మొత్తం గుంజింది. సత్యదేవ్ బావిలోంచి చేద వచ్చినట్టు పైకొచ్చి పడ్డాడు.

జనం ముందు అతని వీపున ఉన్న సంచీ వెతికారు. ఊపిరి ఉందో లేదో తర్వాత చూశారు. సంచీలో నానిపోయిన బిస్కెట్ ప్యాకెట్ తప్ప ఏమీ లేదు. పెద్దాయన్ని నోటికొచ్చినట్టు తిట్టి ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

సత్యదేవ్ కూడా వదల్లేదు.

"సిగ్గులేదా మీకు? ఇక్కడ నా ప్రాణం పోతుంటే వాటా గోలా? ఈ వయసులో ఇంత ఆశ దేనికండీ?"

పెద్దాయన అతని ముఖం తేరిపార చూసి, తడిసిన మోకు చుట్టి ఆటోలో పడేసుకుని వెళ్లిపోయాడు.

ఎదురింటి అనసూయమ్మ పొడి తువ్వాలు తెచ్చిచ్చింది.

"ఎవరండీ ఆ పిచ్చాయన?" అన్నాడు సత్యదేవ్ తల తుడుచుకుంటూ.

ఆమె తల దించుకుంది.

"భద్రయ్యను ఏమనకు బిడ్డా. నిరుడు ఆయన కొడుకు గిదే మోరీల పడితే, మనిషి పడ్డడు, మోకు వట్టుండ్రని ఎంత మొత్తుకున్నా మాలో ఒక్కరం సుత గడప దాటలే."