కొత్త సూట్‌కేసు

సూట్‌కేసు ఎగిరివచ్చి నా మూతికి తగిలింది. పెదవి చిట్లి, బల్ల మీదున్న హాస్టల్ దరఖాస్తుల మీద నెత్తురు చిమ్మింది.

నిలువ నీడలేని విద్యార్థులకు సాయపడేందుకు అమెరికాలో, ఫ్రెస్నోలోని మా కాలేజీ పెట్టుకున్న మనిషిని నేను. వాళ్ళలో ఒకమ్మాయి కెజయా తన సామానంతా నల్ల చెత్తసంచిలో మోసుకు తిరుగుతోందని, ఆ సూట్‌కేసు కొని అప్పుడే నవ్వుతూ చేతికిచ్చాను.

కెజయా బల్ల మీంచి దూకి నా కాలరు పట్టుకుంది. "గది ఇప్పించి వారం కాలేదు! అప్పుడే నేనేం తప్పు చేశానే?"

"అది బహుమతే, పిచ్చిమొహమా! వదులు!"

"సర్కారు అప్పజెప్తే పదకొండు ఇళ్ళవాళ్ళు పెంచారు నన్ను. పొమ్మనేముందు అందరూ ఇలాగే నవ్వుతూ సంచి చేతిలో పెట్టారు!"

కాలరు వదలకుండానే సూట్‌కేసును ఫెడీమని తన్నింది. మూత ఊడి, లోపలున్న చెక్క హ్యాంగర్లన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి.

"ఇవెందుకు?"

"నీ గదిలో బీరువా ఉందిగా. బట్టలు తగిలించుకుంటావని," అన్నాను, నెత్తురు ఉమ్మేసి.

కెజయా నేల మీద కూలబడింది. హ్యాంగర్లను ఒక్కొక్కటే ఏరి గుండెలకు హత్తుకుంది.

"ఇవి తీసుకెళ్తాను మేడమ్. ఆ పెట్టె మాత్రం మీ దగ్గరే ఉంచండి."