కోటు కప్పినాయన

దేవుడికి దణ్ణం పెట్టినప్పుడల్లా దర్జీపని చేసే ఆ అమ్మకు అదే సందేహం. వరదలో పోయిన కొడుకును, సాయానికొచ్చిన విదేశీయుడు తన కోటులో చుట్టి, తన భాషలో ఏదో గొణుగుతూ పూడ్చాడు. పరాయి మంత్రంతో పిల్లాడు ఏ దేవుడి దగ్గరికి చేరాడో!

ఏళ్ల తర్వాత ఆయనే వెతుక్కుంటూ ఆమె బట్టల కొట్టుకు వచ్చాడు.

"ఆవేళ మావాడి మీద ఏం మంత్రం చదివారు బాబూ?"

"నాకు మంత్రాలు రావమ్మా," వచ్చీరాని మాటల్లో అన్నాడు. "చీకటికి భయపడతాడేమోనని, మా అమ్మ పాడే జోల పాడాను."

కుట్టుమిషను ఆగిపోయింది.

"జోల లేందే వాడికి నిద్ర పట్టేది కాదు," అంది.

లేచి, ఎన్నడో కుట్టి దాచిన కోటు ఆయన భుజాల మీద కప్పింది.

"బిగుతైతే నన్ననకండి, అప్పట్లో సన్నగా ఉండేవారు. మీ కోటు మాత్రం వాడి దగ్గరే ఉండనివ్వండి."