వెండి రంగు జత

"ఆ జత అమ్ముడుపోయిందమ్మా," అన్నాడు పాత సామాన్ల దుకాణదారు.

అక్క మొహం మాడిపోయింది. "ఎవరికి?"

అతను గడ్డంతో చూపించాడు. తల నెరిసిన ఒకావిడ బ్రేకు డిస్కులు గోనెసంచిలో వేసుకుని, నడుం పట్టుకుని లేస్తోంది.

మళ్ళీ ఆవిడే.

అక్కా తమ్ముడూ కలిసి రేసు కారు తయారుచేస్తున్నారు. నడిపేది తమ్ముడు, విడిభాగాలు వెతికేది అక్క. ఇంజను కుదిరింది, సీటు కుదిరింది. బ్రేకు డిస్కుల దగ్గరే బండి ఆగింది. కొత్తవి కొనే తాహతు లేదు. పాతవి ఎక్కడ కనబడినా ఈవిడ గద్దలా తన్నుకుపోతోంది.

"పెద్దమ్మా, మాకొక్క జత వదిలితే మీ సొమ్మేం పోతుంది?"

"ఇవి నీకొద్దు తల్లీ."

"ఇక్కడ ఏరుకెళ్ళి అవతల రెట్టింపుకి అమ్ముకుంటారు. తెలీదనుకున్నారా?"

ఆవిడ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అక్కకి పంతం పట్టుకుంది. మర్నాడు దుకాణం తలుపు తీయకముందే వెళ్ళి కూర్చుంది. వచ్చిన మూట విప్పీ విప్పకముందే, నడుమ వెండి రంగు వేసిన జత ఒకటి లాక్కుని డబ్బు చేతిలో పెట్టింది.

సాయంత్రానికి ఆవిడ వాళ్ళ షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది. చంకలో కొత్త అట్టపెట్టె.

"ఇవి కొత్తవమ్మా. తీసుకుని ఆ పాతవి ఇచ్చెయ్యి. పైసా వద్దు."

తమ్ముడు ఆశగా చూశాడు. అక్క అతని చెయ్యి నొక్కింది.

"పాతదానికి కొత్తది ఊరికే ఇస్తారా ఎవరైనా? వీటిలో ఏదో ఘనత ఉందన్నమాట. ఇవ్వను."

"పోనీ, ఆ రంగు ఒక్కసారి గీకి చూడు."

"చూసుకుంటాం లెండి. వెళ్ళిరండి."

ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. "నడిపేది ఈ బాబేనా?"

తమ్ముడు తలూపాడు. ఆవిడ ఇంకేదో అనబోయి, మింగేసి, మెట్లు దిగింది.

ఆదివారం కారు మొదటిసారి ట్రాకెక్కింది. మలుపు దగ్గర బ్రేకు వేయగానే ముందు చక్రంలో ఫట్‌మని చప్పుడు. కారు గిర్రున తిరిగి ఇసుకలో కూరుకుపోయింది.

తమ్ముడు మణికట్టు పట్టుకుని బయటికొచ్చాడు. "బాగానే ఉన్నానక్కా. ఏడవకు."

డిస్కు రెండు ముక్కలైంది. రెండోదాని మీది వెండి రంగుని అక్క గోటితో గీకింది. కింద, బోల్టు కన్నం నుంచి రంగు అంచుదాకా, వెంట్రుకంత సన్నటి పాత పగులు.

మర్నాడు పొద్దున్నే బజారుకి పరిగెత్తింది.

"ఆ పెద్దమ్మ ఇల్లెక్కడ? కాళ్ళ మీద పడాలి."

"శుక్రవారమే పోయిందమ్మా. నిద్రలోనే."

అక్క అక్కడే చతికిలబడింది.

"ఏం చేసుకునేది వాటన్నిటినీ?"

"కొలిమికిచ్చి కరిగించేసేదిట. నాకూ నిన్ననే, కొలిమివాడు చెప్తే తెలిసింది."

దుకాణదారు గొంతు తగ్గించాడు.

"పగిలినవాటికి రంగు పూసి మంచివని మా అందరికీ అమ్మింది వాళ్ళాయనేనట, ఆయన పోయాక సంగతి తెలిసి, పోయినవాడి పేరు చెడకూడదని కొలిమివాడికి తప్ప ఎవరికీ చెప్పక, ఉన్న ఇల్లు అమ్ముకుని మరీ ఒక్కొక్కటే వెనక్కి కొనుక్కుందట."