షోకేసులో తాబేలు

"నా తాబేలు కనబడ్డం లేదు! నువ్వేమైనా తీశావా?"

ఫోన్‌లో మా ఆయన గొంతు వణుకుతోంది. కన్నతల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా ఇంత వణకలేదు.

తాబేలంటే బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మ. మెడలో నంబరున్న బిళ్ల. ముక్కూమొహం తెలియని వాళ్లెవరో దాన్ని ఊళ్లు తిరగమని వదిలారు. అది దొరికినవాళ్లు ఇంకో ఊళ్లో దాచి, ఎక్కడ దాచారో ఆ నంబరు కొట్టి నెట్‌లో రాయాలి. అదీ ఆట. ఈ మహానుభావుడేమో "ముద్దుగా ఉందే" అంటూ ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టాడు. వదిలెయ్యండి బాబూ అని సొంతదారు మెసేజ్ పెట్టినప్పుడల్లా "వచ్చేవారం చూద్దాం" అంటాడు. నేను ఉద్యోగంలో చేరతానన్నా అదే మాట. దాని మీద దుమ్ము తుడవడం మాత్రం నా వంతు.

"నేనే తీశాను. బస్టాండు వెనక గోడ సందులో దాచాను. ఏ ఊరో నెట్‌లో రాశాను, చూసుకోండి."

అటువైపు టకటకా నొక్కుతున్న చప్పుడు. చూసుకుంటున్నాడు కాబోలు.

"అమ్మో, అంత దూరమా! ఇప్పుడు దాన్ని నేనెలా తెచ్చుకోవాలే?"

నేను ఇల్లు వదిలి వచ్చేసి వారమైంది. ఆయన ఫోన్ చేయడం ఇదే మొదటిసారి.